జేబు

బర్కత్‌పురా చమన్ దాటినాక రెండో గల్లీ,
మెట్ల కింద పిట్టగూడంత కొట్టు.
మెడలో టేపు సర్దుకుంటూ
కళ్లద్దాల పైనుంచి చూశాడు గౌసుద్దీన్ సాబ్.
"జనానీ కుర్తేకు జేబ్ కైకు అమ్మా?"

జవాబు లేదు నా దగ్గర.
నలభై మూడేళ్లొచ్చాయి.
ఎవరూ నాకు జేబు కుట్టించలేదు,
నేనూ అడగలేదు.
"కుడివైపు పెట్టండి" అన్నాను,
"లోతుగా. మణికట్టు దాకా దిగాలి చెయ్యి."
"ముప్పై రూపాయలు ఎక్కువైతది."

కొత్తిమీర కట్టకి బేరమాడతాను,
ఆటోకి ఆడతాను,
జీతం పెంచమని అడగడానికి వెళ్లి
తలుపు దాకా వెళ్లేలోపు నాతో నేనే బేరమాడి
సగానికి సగం తగ్గించుకున్నదాన్ని.
ఆ పూట మాత్రం
ముప్పై రూపాయలకు నోరు మెదపలేదు.

నారాయణగూడలో రక్తపరీక్షల సెంటరు,
బిల్లింగు కౌంటరు నాది.
ఆరున్నరకే పరగడుపు జనం.
షుగరుకింత, థైరాయిడుకింత,
మనిషి లోపలున్న ప్రతిదానికీ
మా దగ్గర ఒక రేటుంది.
ఒక పెద్దావిడ అడిగింది మొన్న:
"నాకే రోగమూ లేదని తెలియాలంటే ఎంతవుతుందమ్మా?"
కూడి చెప్పాను. నాలుగు వేల రెండు వందలు.
ఆమె నవ్వి, పర్సు మూసుకుని,
"లేదనే అనుకుంటాలే" అని వెళ్లిపోయింది.
రోజంతా ఆమె చెప్పుల చప్పుడు
నా చెవుల్లో నడిచింది.

మా ఆడపడుచు కోకాపేటలో
ఇరవై ఏడో అంతస్తు కొన్నది.
గృహప్రవేశం భోంచేసి వచ్చిన రాత్రి
మా రెండు గదుల్నీ నా చూపే నలిపి నలిపి
అగ్గిపెట్టె చేసింది.
గదుల తప్పేమీ లేదు పాపం.
పొద్దున అవి ఎంతున్నాయో
అంతే ఉన్నాయి.

మా ఇంట్లో చెవి విరిగిన కప్పు నాది.
ఎవరూ నాకు కేటాయించలేదు,
నేనే ఎప్పుడో తీసుకున్నాను,
ఏదో ఒకరు తీసుకోవాలి కదా అని.
ఆ మర్నాడు చుట్టాల కప్పు దింపాను,
నీలం పూలది.
అందరికన్నా ముందు నాకు పోసుకున్నాను,
మీగడ నాకే పడింది.
"ఎవరైనా వస్తున్నారా?" అన్నాడు మా ఆయన
పేపరు దించకుండానే.
"నేనే" అన్నాను.
ఆయనకు వినబడలేదనుకుంటాను.
మళ్లీ చెప్పలేదు.

ఆ తర్వాతి రోజు మామూలే,
చెయ్యి దానంతటదే చెవి విరిగినదాని మీదకే పోయింది.
ధైర్యం మా గల్లీ నల్లా లాంటిది,
రోజు విడిచి రోజు వస్తుంది.
వచ్చినప్పుడే బిందెలు నింపుకోవాలి.

శుక్రవారం కుర్తా తెచ్చుకున్నాను.
జేబులో చెయ్యి పెట్టగానే
చల్లగా, మెత్తగా, జారుతూ ఏదో.
తిరగేసి చూస్తే నెమలికంఠం రంగు పట్టు.
"పెళ్లికొడుకు షేర్వానీలో మిగిలిన ముక్కమ్మా,
పైకి కానరాదు.
చేతికి తెలుస్తది."
డబ్బులేమీ ఎక్కువ తీసుకోలేదు.

ఇప్పుడు బస్సులో నిలబడి ఉన్నాను,
ఎడం చెయ్యి పై కడ్డీని పట్టుకుంది.
కండక్టరమ్మ చింపిచ్చిన సున్నా టికెట్టు
కుడి చేతిలో.
ఆడవాళ్లకు ఉచితం కదా,
చార్జీ దగ్గర పెద్ద సున్నా.
ఇన్నాళ్లూ దాన్ని నలిపి కిటికీలోంచి పారేసేదాన్ని.
ఇవాళ చదివాను.
సున్నాకి పైన, చిన్న అక్షరాల్లో,
ఎక్కిన చోటు ఉంది, దిగాల్సిన చోటు ఉంది.

మడిచి
పట్టు లోపల పెట్టుకున్నాను.
వైఎంసీఏ దగ్గర సిగ్నలు పడింది,
ముందు బండ్లన్నీ హారన్లు కొడుతున్నాయి.
నా చెయ్యి మాత్రం
మణికట్టు దాకా దిగి
అక్కడే కాసేపు ఉండిపోయింది.